నాలుగు మూరల దూరం

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పాఠ్యపుస్తకాల్లో కథ ఇంతవరకే ఉంటుంది. కానీ పెళ్ళంటే వంట, వంటంటే నీళ్ళు. వంటవాళ్ళు మొహం చాటేశారు. నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ తానే బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది, తానే వండి వడ్డించింది. ఆపైన పీఠాధిపతి దగ్గర నుంచి శ్రీముఖం, అంటే ఆజ్ఞాపత్రం, వచ్చింది. ఆ పెళ్ళితో సంబంధం పెట్టుకున్నవాళ్ళంతా వెలి. ప్రాయశ్చిత్తం చేసుకుంటే లోపలికి రావచ్చు, లేకపోతే బయటే. పెళ్ళిని మెచ్చుకున్నవాళ్ళలోనే చాలామంది ప్రాయశ్చిత్తం చేసుకున్నారు.

వీరేశలింగం ఏం వాదించాడో మనకు తెలుసు. ఆ వాదానికైన ఖర్చు ఎవరి నెత్తిన పడిందో అడగడం మాత్రం తక్కువ. కట్టుదిట్టమైన మతసమాజంలో పుట్టి, అందులోనే ఉంటూ, తాను నిజమనుకున్నది నలుగురిలో చెప్పినవాళ్ళకి ఏమవుతుంది? ఆ ఖర్చు ఏ రూపంలో వస్తుంది, ఎవరు కడతారు, తగ్గించే దారులున్నాయా? ఈ ప్రశ్నల మీద చరిత్ర, న్యాయస్థానాలు, సమాజశాస్త్రం ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్కచోట పెట్టి చూడడం ఈ వ్యాసం పని.

ముందే ఒక గీత గీసుకోవాలి. ఏ మాటా అనకుండానే, పుట్టుకతోనే ఊరి బయట ఉంచిన వెలి దళితులది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకూడదు. అక్కడ ప్రాయశ్చిత్తానికి కూడా తావు లేదు. 2015 సవరణ ద్వారా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చారు. ఇక్కడి విషయం లోపలివాళ్ళని లోపలివాళ్ళే వెలి వేయడం. అయినా పనిముట్లు మాత్రం రెండు చోట్లా అవే: నీళ్ళు, నిప్పు, పొత్తు, పెళ్ళి, పాడె.

వెలికి ఎన్ని పేర్లో

మన అగ్రహారాల్లో దాన్ని పంక్తి తప్పించడం అన్నారు. చర్చిలో ‘సంఘంలోంచి తీసేశారు’ అంటారు. ఆ మనిషికి ప్రభు బల్లలో పాలుండదు. దావూదీ బోహ్రాల్లో దాని పేరు బరాత్. పెళ్ళి ఊరేగింపు కాదు, సంబంధం తెంచేసుకోవడం. యూదుల్లో హేరెమ్. అమెరికాలోని అమిష్ పల్లెల్లో మైడుంగ్. పేరేదైనా పద్ధతి ఒకటే. ఆ మనిషిని కొట్టరు, కట్టెయ్యరు. అతను ఉన్నచోటే ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళే ఒక్కొక్కరుగా జరిగిపోతారు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో పదిహేడో శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. స్పెయిన్, పోర్చుగల్‌లలో మతవిచారణ కోర్టుల నుంచి తప్పించుకొచ్చిన యూదులు అక్కడ కొత్తగా స్థిరపడ్డారు. ఉరియెల్ ద కోస్తా పోర్టో నగరంలో, క్రైస్తవంలోకి మారిన యూదు కుటుంబంలో పుట్టాడు. పూర్వీకుల మతం వెతుక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. తాను గ్రంథంలో చదివిన మతం, అక్కడి రబ్బీలు నడుపుతున్న మతం ఒకటి కాదనిపించింది. అనిపించింది చెప్పాడు. వెలి వేశారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండి చివరికి తలవంచాడు. 1640లో ప్రార్థనామందిరంలో అందరి ముందూ తప్పొప్పుకున్నాడు. ముప్పైతొమ్మిది కొరడా దెబ్బలు తిన్నాడు. ఆ తరవాత గడపకి అడ్డంగా పడుకోమన్నారు. సమాజమంతా అతన్ని దాటుకుంటూ బయటికి నడిచింది. ఇంటికెళ్ళి తన బతుకు గురించి కొద్ది పుటలు రాసుకుని తుపాకీతో కాల్చుకున్నాడు.

అప్పటికి అదే సమాజంలో ఏడేళ్ళ పిల్లవాడు బరూక్ స్పినోజా. పదహారేళ్ళ తరవాత, 1656 జులై 27న, అతని మీదా హేరెమ్ చదివారు. అతనితో నోటితోగానీ రాతతోగానీ ఎవరూ మాట్లాడకూడదు, ఒక కప్పు కింద ఉండకూడదు, అతను రాసింది చదవకూడదు, అతనికి నాలుగు మూరల దూరంలోకి రాకూడదు. మూర అంటే మన వీధిలో పూలమ్మి మోచేతికి కొలిచి ఇచ్చేది. నాలుగు మూరలంటే తల్లి కొడుక్కి అన్నం వడ్డించే దూరం, అన్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేసే దూరం. నిషేధానికి తగిన కొలతనే ఎంచుకున్నారు.

స్పినోజా విరగలేదు. దానికి ధైర్యం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. అతనికి యూదు సమాజం బయట స్నేహితులున్నారు, కటకాలు సానబట్టే పని చేతిలో ఉంది, మళ్ళీ లోపలికి రావాలన్న కోరిక లేదు. ద కోస్తాకి లోపలే తప్ప చోటు లేదు. మాట ఎంత పదునైనదన్న దాన్ని బట్టి కాదు, బయట కాలు మోపడానికి ఎంత నేల ఉందన్న దాన్ని బట్టి శిక్ష బరువు మారుతుంది. ఆ హేరెమ్ ఈనాటికీ ఎత్తేయలేదు. 2021లో స్పినోజా మీద చిత్రీకరణకి అనుమతి అడిగిన ఒక ఆచార్యుణ్ణి అక్కడి రబ్బీ రావద్దన్నారు. తరవాత ప్రార్థనామందిరం పాలకవర్గం ఆ మాట సరిదిద్దింది.

బొంబాయి పాఠం

మన దేశంలో ఈ ప్రశ్న మీద ఎక్కువ చర్చ రేపింది బోహ్రా సమాజం. వ్యాపారంలో ఆరితేరినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్ళు. వారి మతాధిపతి దాయీ, సయ్యద్నా సాహెబ్. యుక్తవయసు రాగానే ప్రతి ఒక్కరూ ఆయనకి విధేయతా ప్రమాణం చేస్తారు. పెళ్ళి దగ్గర నుంచి అంత్యక్రియల దాకా ఆయన ‘రజా’, అంటే అనుమతి, కావాలి. ఆ అనుమతి ఆగిందా, పెళ్ళి చదివేవాళ్ళుండరు, కబరస్తాన్‌లో చోటుండదు. కొట్టుకి సరుకిచ్చేవాడూ కొనేవాడూ కూడా సొంత సమాజం వాడే అయినప్పుడు కొట్టు తాళం ఎవరూ వేయనక్కర్లేదు.

అప్పటి బొంబాయి రాష్ట్రం 1949లో వెలిని నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పటి దాయీ తాహెర్ సైఫుద్దీన్ దాన్ని సవాలు చేశారు. 1962 జనవరిలో సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో చట్టాన్ని కొట్టేసింది. మత కారణాలతో వెలి వేయడం సమాజం తన మతవ్యవహారాలు తాను నడుపుకోవడంలో భాగమని, రాజ్యాంగం 26వ అధికరణం దానికి రక్షణ ఇస్తుందని మెజారిటీ భావించింది. ఒక్క ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా విభేదించారు. వెలి పడినవాడు తన సమాజంలో అంటరానివాడితో సమానమవుతాడని, మనిషి గౌరవాన్ని కాపాడే చట్టాన్ని మత స్వేచ్ఛ పేరుతో తోసేయలేమని ఆయన వాదం. ఆరు దశాబ్దాలు గడిచాక 2023 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పుని మళ్ళీ చూడాల్సి ఉందని తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపింది. ఈలోగా మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం తెచ్చింది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కులపంచాయతీల ఆగడాలే ఆ చట్టానికి ప్రధాన ప్రేరణ.

చట్టం ఇలా ముందుకీ వెనక్కీ నడుస్తుండగా ఆ సమాజంలోనే నిలబడి మాట్లాడినవాడు అస్గర్ అలీ ఇంజనీర్. తండ్రి బోహ్రా మతబోధకుడు. కొడుకు సివిల్ ఇంజనీరు, బొంబాయి కార్పొరేషన్‌లో దాదాపు ఇరవై ఏళ్ళు ఉద్యోగం. 1970ల మొదట్లో ఉదయపూర్ బోహ్రాల్లో తిరుగుబాటు లేచినప్పుడు వాళ్ళ పక్షాన పత్రికల్లో రాశాడు. అతను నాస్తికుడు కాడు. ఖురాన్ చదివి, ఖురాన్ తోనే వాదించేవాడు. అడిగింది మతం వదలనిమ్మని కాదు. లెక్కలు చూపమని, పెత్తనానికి హద్దు పెట్టమని. ఫలితం వెలి. చాలాసార్లు దాడులు జరిగాయి. 2000 ఫిబ్రవరిలో అతని ఇంటినీ ఆఫీసునీ ధ్వంసం చేశారు. 2004లో ‘రైట్ లైవ్లీహుడ్’ పురస్కారం వచ్చింది. 2013లో చనిపోయేదాకా తాను ముస్లిమేనని, బోహ్రానేనని చెప్పుకున్నాడు.

జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన ‘సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ’ తరఫున జస్టిస్ నత్వానీ సారథ్యంలో ఒక కమిషన్ ఈ ఫిర్యాదులు విని 1979లో నివేదిక ఇచ్చింది. అలాంటి సాక్ష్యాల్లో తరచూ కనిపించేది సిద్ధాంత చర్చ కాదు. పుట్టింటికి రావద్దన్న కబురు, ఆగిపోయిన నిశ్చితార్థం, శవం ఇంట్లో ఉండగా ఎదురుచూసిన అనుమతి. నోరు తెరిచినవాడు ఒకడైతే, కూతురి పెళ్ళి ఆగేది ఆ మాట అననైనా అనని తల్లికి.

లెక్కలు కట్టినవాళ్ళు

సమాజశాస్త్రం, అర్థశాస్త్రం కూడా ఈ ఖర్చుని కొలవాలని చూశాయి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన ‘ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ’ పుస్తకం సంస్థ మీద అసంతృప్తి కలిగినవాడికి రెండు దారులున్నాయంది: బయటికి పోవడం, లోపలే ఉండి గొంతెత్తడం. కొట్టు నచ్చకపోతే పక్క కొట్టుకి పోతాం. మతం కొట్టు కాదు. పోవడానికి రుసుము తల్లీ తండ్రీ, భార్యా పిల్లలూ అయినప్పుడు మొదటి దారి మూసుకుపోతుంది. పోనివాడు గొంతెత్తుతాడా అంటే, గొంతెత్తితే గెంటేస్తారు కాబట్టి రెండోదీ మూతబడుతుంది. మిగిలేది మూడోది: తల ఊపుతూ కూర్చోవడం.

లారెన్స్ ఇయానకోని 1994లో ఇంకో వైపు నుంచి చూశాడు. నియమాలు కఠినంగా ఉన్న మతసంఘాలే ఎందుకు బలంగా ఉంటాయి? కఠిన నియమాలు అర్ధమనసువాళ్ళని ఏరిపారేస్తాయి, మిగిలినవాళ్ళు మనస్ఫూర్తిగా పనిచేస్తారు, అందుకే అన్నాడు. వాదన గట్టిదే. కానీ పైన చెప్పుకున్న మనుషులని దాంట్లో పెట్టి చూస్తే అతకదు. అర్ధమనసువాడికి నోరు తెరవాల్సిన పనేముంది? పండక్కి వస్తాడు, చందా ఇస్తాడు, ఇంటికి పోతాడు. గ్రంథాన్ని మనసుపెట్టి చదివినవాడికే గ్రంథానికీ ఆచరణకీ మధ్య ఎడం కనిపిస్తుంది. వీరేశలింగం పరాశర స్మృతి చూపించాడు, ఇంజనీర్ ఖురాన్ చూపించాడు. నియమాల జల్లెడ పొట్టుతోపాటు గట్టి గింజల్లో కొన్నింటినీ బయటికి పోస్తుంది.

మనస్తత్వశాస్త్రం చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. కిప్లింగ్ విలియమ్స్ ఒకరోజు పార్కులో కూర్చుని ఉంటే ఫ్రిస్బీ విసురుకుంటున్న ఇద్దరు అపరిచితులు అతన్నీ ఆటలో కలుపుకున్నారు. కాసేపటికి, కారణం లేకుండా, విసరడం మానేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పట్టించుకోకపోతే తనకెందుకంత బాధ కలిగిందో అతనికి అంతుపట్టలేదు. దాంట్లోంచి కంప్యూటర్ తెర మీద బంతి విసురుకునే ప్రయోగం పుట్టింది. కొద్ది నిమిషాలు బంతి అందకపోయినా మనిషికి ఆత్మగౌరవం, తనవాళ్ళున్నారన్న భరోసా, బతుకు మీద పట్టు తగ్గుతాయని తేలింది. అవతల ఆడుతున్నది యంత్రమని ముందే చెప్పినా అంతే. ఆట కొద్ది నిమిషాలది. వెలి ఇరవై ఏళ్ళు నడుస్తుంది, బంతి విసరనిది కన్నతల్లి.

మఠం గోడల మధ్య

కుటుంబం వదిలి మఠాన్నే కుటుంబం చేసుకున్నవాళ్ళ పరిస్థితి ఇంకో మెట్టు కష్టం. ఇల్లు, అన్నం, వైద్యం, వృద్ధాప్యం, చివరికి సమాధి, అన్నీ మఠానివే. కేరళలో సిస్టర్ జెస్మీ మూడు దశాబ్దాల మఠజీవితం తరవాత 2008లో బయటికొచ్చి ‘ఆమెన్’ అన్న ఆత్మకథ రాసింది. 2018 సెప్టెంబరులో కొచ్చి హైకోర్టు కూడలి దగ్గర అయిదుగురు సన్యాసినులు ఎండలో కూర్చున్నారు. తమ తోటి సన్యాసిని ఒక బిషప్ మీద చేసిన అత్యాచార ఫిర్యాదుపై చర్య తీసుకోమని అడిగారు. బిషప్ అరెస్టయ్యారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. దాని మీద అప్పీలు వేశారు.

ఆ నిరసనకి వెళ్ళి పక్కన నిలబడిన సిస్టర్ లూసీ కలప్పురని ఆమె సన్యాసిని సంఘం 2019లో తొలగించింది. ఆమె మీద మోపిన అవిధేయతల జాబితాలో కవితా సంపుటి అచ్చు వేయడం, కారు నడపడం నేర్చుకుని కారు కొనుక్కోవడం కూడా ఉన్నాయి. వాటికన్నిటికీ అనుమతి లేదన్నది సంఘం మాట. సన్యాసం స్వీకరించినప్పుడు విధేయత ఒట్టు పెట్టుకున్న మాట నిజమే. ఆ ఒట్టు, నోరు మూసుకోవడం ఒకటేనా అన్నది ఆమె ప్రశ్న. వాటికన్ దాకా అప్పీళ్ళు వెళ్ళాయి, తిరస్కరించారు.

ఇలాంటివాళ్ళు బయటికొచ్చాక ఏమవుతారన్న దాని మీద మంచి పుస్తకం 1988 నాటి ‘బికమింగ్ యాన్ ఎక్స్’. రాసిన హెలెన్ రోజ్ ఈబా తానే ఒకప్పటి సన్యాసిని. ‘మాజీ’ అన్నది ఖాళీ కాదు, అదీ ఒక పాత్రే అంటుంది ఆమె. పాత బతుకు మనిషిని వదలదు, చుట్టూ ఉన్నవాళ్ళూ వదలనివ్వరు. బయటి లోకం చప్పట్లు కొడుతుంది కానీ పండగ పూట భోజనానికి పిలవదు.

అవతలి పక్షం

సమాజాల వాదన కూడా తేలిగ్గా తోసేసేది కాదు. హద్దు లేనిది సమాజమే కాదు. ఎవరు మావాళ్ళో నిర్ణయించుకునే హక్కు లేకపోతే చిన్న మతాలు పెద్ద లోకంలో ఉప్పులా కరిగిపోతాయి. 1656 నాటి ఆమ్‌స్టర్‌డామ్ యూదులు ఆశ్రయం మీద బతుకుతున్నవాళ్ళు. దైవదూషకుణ్ణి దాచారన్న నింద పడితే వాళ్ళకి ఆ ఊళ్ళో చోటుండేదా? వాళ్ళ భయం ఉత్తది కాదు.

యెహోవా సాక్షుల ఉదాహరణ ఈ చిక్కుని రెండు వైపుల నుంచీ చూపిస్తుంది. 1985లో కేరళలో ఆ సంఘానికి చెందిన ముగ్గురు పిల్లలు బళ్ళో జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు ఆ పిల్లల మనస్సాక్షిని కాపాడింది. అదే సంఘం లోపల మాత్రం, మనస్సాక్షి వేరే మాట చెప్పినవాళ్ళతో బంధువులే పలకరింపులు మానుకోవాలన్న నియమం ఉంది. కెనడాలోని కాల్గరీలో అలా తొలగించిన ఒక స్థిరాస్తి ఏజెంటు తన ఖాతాదారులు చాలావరకు ఆ సంఘంవాళ్ళేనని, బతుకుతెరువు పోయిందని కోర్టుకెక్కాడు. సంఘ సభ్యత్వ నిర్ణయాల్లో కోర్టులు తలదూర్చవని ఆ దేశపు సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. నార్వే ప్రభుత్వం ఈ వెలి పద్ధతి కారణంగానే ఆ సంఘానికి నిధులు ఆపితే, 2024లో కింది కోర్టు సమర్థించింది, 2025లో అప్పీలు కోర్టు చెల్లదంది. తెలివైన న్యాయమూర్తులే చెరో వైపు తూగుతున్నారంటే ప్రశ్న నిజంగానే బరువైనదన్నమాట.

అయితే ఈ త్రాసులో సాధారణంగా పెట్టని రాయి ఒకటుంది: మాట ఆగిపోవడం వల్ల సమాజానికే జరిగే నష్టం. పిల్లల మీద లైంగిక అకృత్యాలపై ఆస్ట్రేలియాలో వేసిన రాయల్ కమిషన్ 2015లో ఇదే సంఘం దస్త్రాలు తిరగేసింది. 1950 నుంచి 1,006 మంది మీద ఆరోపణలు ఆ దస్త్రాల్లో నమోదై ఉన్నాయి. సంఘం తనంతట తాను పోలీసులకి చెప్పింది ఒక్కటీ లేదు. సంఘం వదిలితే అందరినీ పోగొట్టుకోవాల్సి రావడం బాధితులని మరింత ఇరుకున పెట్టిందని కమిషన్ తేల్చింది. హద్దు కాపాడాల్సింది పిల్లలని. కాపాడింది దస్త్రాలని.

ఖర్చు తగ్గే చోటు

చట్టం ఏం చేయగలదు? శ్రీముఖం అచ్చు వేయకుండా ఆపగలదు, కబరస్తాన్ గేటు తెరిపించగలదు, కొట్టు మూయించినవాడికి జరిమానా వేయగలదు. అవి చిన్నవి కావు, కావాలి. కానీ అక్కని తమ్ముడితో మాట్లాడమని ఏ కోర్టూ ఉత్తర్వు ఇవ్వలేదు. నాలుగు మూరల దూరం చట్టం కొలబద్దకి అందదు.

అందేది మనుషులకే. వెలికి ఉన్న బలమంతా దాన్ని పాటించేవాళ్ళది. ప్రకటించేవాడు ఒకడు; అమలు చేసేది ‘నలుగురు’. నలుగురూ ఏమనుకుంటారో అన్నది మన ఇళ్ళలో రోజూ వినపడే మాట. పాడె మొయ్యడానికీ నలుగురు కావాలి. ఆ నలుగురు పోతారన్న భయమే వెలికి ఊపిరి. శిక్ష మాట్లాడినవాడి కోసం కాదు, వాడి మాట అప్పటికే బయటికొచ్చేసింది. ఇంకా మాట్లాడనివాళ్ళు, లోపల అదే అనుకుంటున్నవాళ్ళు చూడడానికి వేసే శిక్ష అది.

అందుకే తల లెక్క పెరిగినకొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. ఉదయపూర్‌లో సంస్కరణవాదులు గుంపుగా నిలబడ్డారు. గుంపుగా ఉన్నచోట పెళ్ళికి పందిరీ పాడెకి భుజమూ దొరుకుతాయి. మన దగ్గర నాస్తికుడు గోరా కథ చూడండి. జంధ్యం వేసుకోననడంతో తండ్రి ఇంటి నుంచి బయటికి, నాస్తికుడైనందుకు కాకినాడ, బందరు కాలేజీ ఉద్యోగాల నుంచి బయటికి. అతను విశ్వాసం లోపలే ఉండి మాట్లాడిన మనిషి కాదు నిజమే, కానీ ఖర్చు కట్టిన తీరు చూడాలి. భార్య సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూసింది, మూఢనమ్మకాల మీద అతనితో సమానంగా పోరాడింది. 1940లో ముదునూరులో ఇద్దరూ నాస్తిక కేంద్రం పెట్టారు; 1947లో అది విజయవాడ చేరింది. ఒక ఇంటి బయట నిలబెట్టినవాళ్ళు ఇంకో ఇల్లు కట్టుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు కులం లేకుండా అక్కడే కుదిరాయి. భర్త మాట్లాడితే భార్య మూల్యం చెల్లించే పాత పద్ధతి అక్కడ కొంత మారింది: చెల్లింపూ ఇద్దరిదే, మాటా ఇద్దరిదే.

రాజ్యలక్ష్మమ్మకి ఆ రెండో సగం దక్కలేదు. ఆమె ఏమనుకుందో, ఆ రేవు మెట్ల మీద ఎవరు మొహం తిప్పుకున్నారో ఆమె మాటల్లో మనకు చేరలేదు. భర్త స్వీయచరిత్ర రాశాడు, ఆమె నీళ్ళు మోసింది. ఊళ్ళో ఆ పెళ్ళి మంచిదేనని లోలోపల అనుకున్న ఇళ్ళు తక్కువేమీ కావు. ప్రాయశ్చిత్తాల సంఖ్యే దానికి సాక్ష్యం. అటువైపు ఒక అడుగు వేయనివాడికి వెనక్కి తీసుకునే అవసరం ఉండదు. ఆ ఇళ్ళలో ఏ ఒక్కదాని నుంచి ఆ ఉదయం ఇంకో బిందె గోదావరి రేవుకి వచ్చి ఉన్నా, శ్రీముఖం బలం సగానికి సగం పోయేది.